వాచీ చప్పుడు

“ఆ వాచీ తీసెయ్యాలమ్మా. చేతికి నీరు పట్టేసింది,” అంది నర్సు.

“ఉండనివ్వండమ్మా, అది తీయకూడదు!” హారతి తల్లి పాపాయి, కూతురి మంచానికి అడ్డం వచ్చింది.

“ఏం, దానిక్కూడా ముహూర్తం చూడాలా?” అంటూ నర్సు పట్టీ ఊడదీసి, పక్కనే నిలబడ్డ హారతి అత్తగారు అచ్చాయమ్మ చేతిలో పెట్టింది.

హారతికి ఆరో నెల. మండపేట నుంచి కాకినాడ తీసుకొచ్చేసరికే ఆయాసంతో మాట పడిపోయింది. అల్లుడు గణేష్‌బాబు చీటీ రాయించడానికి కిందికి వెళ్ళాడు. అత్తవారింట్లో సంగతి తెలిసినవాడు అతనొక్కడే. హారతికి చిన్నప్పుడే గుండెలో లోహపు వాల్వు వేశారు. అది గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. అత్తగారు అడిగితే వాచీ చప్పుడని చెప్పమని, పెళ్ళినాడు ఆ పెద్ద వాచీని పాపాయే కూతురి చేతికి కట్టింది.

ఇప్పుడు వాచీ అచ్చాయమ్మ గుప్పిట్లో ఉంది. చప్పుడు మాత్రం మంచం మీదనుంచే వస్తోంది.

“ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా అండీ?” నర్సు కాగితం మీద పెన్ను ఆనించి పాపాయిని అడిగింది.

“లేదండి.”

అన్నాక గాని తానేమందో పాపాయికి తెలియలేదు. నర్సు రాసేసుకుంది.

“సరిగ్గా గుర్తు తెచ్చుకోండి వదినగారూ,” అంది అచ్చాయమ్మ, రెప్ప వేయకుండా చూస్తూ.

పాపాయి కూతురి వైపు తిరిగింది. చెబితే పిల్ల కాపురం ఏమౌతుందో! చెప్పకపోతే... హారతి పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడుతున్నాయి. చూపు తల్లినే వెతుకుతోంది.

“కొట్టెయ్యమ్మా, ఆ రాసింది కొట్టెయ్యి! పన్నెండో ఏట గుండెకి ఆపరేషనైంది. వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతోంది. పెళ్ళి తప్పిపోతుందని నేనే దాచాను, పాపిష్టిదాన్ని!”

నర్సు డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. పాపాయి వియ్యపురాలి కాళ్ళ మీద పడబోయింది. “నన్నేమన్నా అనండి వదినగారూ. పిల్లని మాత్రం వదిలెయ్యకండి.”

అచ్చాయమ్మ ఆమె భుజం పట్టి ఆపింది. “మీరు నోరు విప్పకపోతే నేనే చెప్పేదాన్నండి,” అంటూ వాచీని ఆమె అరచేతిలో పెట్టింది.

ముళ్ళు కదలడం లేదు.

“ఇది ఆగిపోయి రెండేళ్ళయింది. నెల తప్పిన దగ్గర్నుంచీ పిల్లని నా పక్కనే పడుకోబెట్టుకుంటున్నాను. ఆ చప్పుడు వినబడితేనే నాకు నిద్రపడుతోంది.”