మెత్తటి వెన్ను

వెన్నెముక ఉన్న ప్రాణిని కోయకూడదని చట్టం వచ్చి పన్నెండేళ్లయింది. రేవులో ఇప్పుడు రొయ్యలూ పీతలే అమ్ముతారు. మసేనమ్మ కూతురు పైడమ్మ నీళ్లాడి మూడు రోజులైనా పాలు పడలేదు. బాలింతకు సొరచేప పిట్టే మందు. అందుకని మసేనమ్మ వలలో చిక్కిన పాలసొర చేపను బుట్టలో పెట్టుకు బయల్దేరింది.

రేవు గేటు దగ్గర తనిఖీ యంత్రం ఆపింది.

"దీనికి ముల్లే నేదు బాబూ!" అంది మసేనమ్మ.

యంత్రం చేపను వీపు పొడుగునా తడిమింది. "ముల్లు లేదమ్మా, వెన్నుంది. మెత్తటి వెన్ను." ఇంకా ఊపిరున్న సొరను సముద్రంలో వదిలేసింది.

మసేనమ్మ రొయ్యలు కొనుక్కెళ్లి, ఉడికించి, చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసింది.

పైడమ్మ ఒక ముద్ద నమిలి తల్లి ముఖం చూసింది. "ఇది సొరేనేటమ్మా?"

"సొర కాక సింగినాదమా? తినవే."

పైడమ్మ గిన్నె ఖాళీ చేసింది. సాయంత్రానికి ఆమె జాకెట్టు తడిసింది.