ముందు కట్టేసి రా

కరెంటు మనిషి వచ్చి ఫ్యూజు పీక్కుపోయాడు.

తన కొట్లో సగం విప్పిన ఫ్రిజ్జు ముందు ఇమ్తియాజ్ చీకట్లో నిలబడిపోయాడు. బిల్లుకు సరిపడా డబ్బు చొక్కా జేబులోనే ఉంది. కట్టాలన్న సంగతే గుర్తు లేదు.

తెనాలిలో ఫ్రిజ్జులు బాగుచేయడంలో అతనికి మంచి పేరు. సంపాదించింది మాత్రం నిలవదు. అద్దె మరిచిపోతాడు. చీటీ వాయిదా మరిచిపోతాడు. దారిలో ఏది కంటపడితే అది కొనేస్తాడు. భార్య సుమయా నిలదీస్తే తల దించుకుంటాడు.

"రేపట్నుంచి జాగ్రత్తగా ఉంటా" అంటాడు. ఆ మాట నిజంగానే అంటాడు.

"బాబూ, కరెంటాఫీసు ఇంకా తీసే ఉంటుంది. పద, పోదాం."

గుమ్మంలో ఒక పెద్దావిడ. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన అన్నమ్మ. ఒంటరి మనిషి.

"తర్వాత వెళ్తాలెండి."

"తర్వాతంటే మరిచిపోతావు. చెప్పులేసుకో."

ఎండలో అతని వెంట నడిచి, బిల్లు కట్టేదాకా వదల్లేదు.

ఆనాటి నుంచి అదే వరస. ఎవరైనా అతనికి డబ్బులిచ్చి వెళ్ళడం చూస్తే చాలు, రోడ్డు దాటి వచ్చేది.

"అద్దె కట్టావా?"

"సాయంత్రం కడతానండి."

"చేతిలో ఉండగానే కట్టేసి రా. టీ తర్వాత తాగొచ్చు."

విసుక్కుంటూనే వెళ్ళేవాడు. ఆ వేసవంతా ఇంట్లో గొడవల్లేవు.

వీధిలో మాత్రం నవ్వులు మొదలయ్యాయి. "మీ ఖజాంచీ ఇంకా రాలేదేంటి?" అనేవాడు పక్క కొట్టు నాగూర్ బాషా.

సుమయాకూ నచ్చలేదు. "పరాయి మనిషికి మన డబ్బు ఆరా ఎందుకండీ?"

ఒకరోజు కొట్టు నిండా మనుషులుండగా అన్నమ్మ వచ్చింది.

"మీ అమ్మాయి పర్వీన్ టెన్త్ పరీక్ష ఫీజు కట్టావా బాబూ?"

అందరూ అతనివైపు తిరిగారు.

"నా డబ్బు సంగతి మీకెందుకండి? మీ పని మీరు చూసుకోండి."

ఆవిడ గుమ్మం వైపు తిరిగింది.

"మంచిది బాబూ."

రోడ్డు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మర్నాడు ఫీజు డబ్బుతోనే బయల్దేరాడు. దారిలో సెల్లుల కొట్టు. కెమెరా ఉన్న సెల్లు, తక్కువ ధరకే. కొనేశాడు. ఫీజు రేపు కడదామనుకున్నాడు. పర్వీన్ అడిగితే కట్టేశానన్నాడు. రేపు కట్టేస్తే అబద్ధం కాదుగా అనుకున్నాడు.

జరిమానాతో కట్టే గడువు కూడా దాటిపోయింది.

"ఈ ఏడు నేను పరీక్ష రాయలేనంట నాన్నా" అంది పర్వీన్. ఏడవలేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు.

సిగ్గు విడిచి ఎదురింటికి వెళ్ళాడు. లోపల ఒకాయన గిన్నెలు మూట కడుతున్నాడు.

"అన్నమ్మగారు లేరాండి?"

"మా అమ్మేనండి. నా పేరు జార్జి. గుండెనొప్పొస్తే రాత్రికి రాత్రే మా ఊరు బాపట్ల తీసుకెళ్ళాం. మొన్న పోయింది."

ఇమ్తియాజ్ గడప మీదే కూర్చుండిపోయాడు.

"డబ్బు దగ్గర ఎంత గట్టి మనిషండి" అన్నాడు చివరికి. "బ్యాంకులో చేసేవారా?"

జార్జి మూట వదిలేసి అతన్ని వింతగా చూశాడు.

"మా అమ్మా? టీచరండి. ఆమె చేతిలో జీతం వారం నిలిచేది కాదు. లోను కట్టడం మరిచిపోయి ఉన్న ఇల్లు పోగొట్టింది. కూరగాయలకు కూడా నేను డబ్బిచ్చేవాణ్ణి కాదు. నిర్లక్ష్యం అనుకున్నాం. పోయినేడు మా పాప పింకీని గుంటూరు డాక్టరుకు చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నారు. మనసు ఒకచోట నిలవదంట, గడువులు గుర్తుండవంట. అమ్మనీ పరీక్షించి, ఆమెకూ అదేనన్నారు. అప్పట్నుంచి నా పెన్షన్ నేనే చూసుకుంటానని పట్టుబట్టి ఇక్కడికొచ్చింది."

ఇమ్తియాజ్ గడప మీంచి లేచాడు.

"నాకెప్పుడూ చెప్పలేదండి."

"ఫోన్లో నాతో అనేదండి, 'ఎదురు కొట్టు అబ్బాయీ నాలాంటివాడేరా, వాణ్ణి బయల్దేరదీసిన రోజే నా బిల్లూ కట్టుకుంటున్నా, వాడే లేకపోతే నేనూ మరిచిపోదును' అని."