పద్దెనిమిదో పాఠం: సామాను పోయినప్పుడు

ఆ పుస్తకంలో బతిమాలుకోవడానికి పాఠం లేదు.

తబిత మొదటి రోజే విషయసూచికంతా వెతికింది. పలకరింపులు, అంకెలు, హోటల్లో, రైల్వే స్టేషన్లో, బేరమాడడం, వాతావరణం. గురువు అక్కర్లేకుండా నలభై రోజుల్లో చైనీస్ మాట్లాడిస్తానని అట్టమీద హామీ ఇచ్చిన పుస్తకం, ఒకరి కాళ్లావేళ్లా పడవలసి వస్తే ఏమనాలో మాత్రం చెప్పలేదు.

నిడదవోలు హైస్కూల్లో ఆమె హిందీ పండిట్. తల్లీతండ్రీ పోయాక తమ్ముడు డేనియల్‌ని డిగ్రీ దాకా తనే చదివించింది. కిందటేడు అతను కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, వెనక వీధి వీరమ్మ కొడుకు పోతురాజుని కూడా వెంటబెట్టుకుని విమానమెక్కాడు. దిగాక తెలిసింది, అది ఉద్యోగం కాదని. ఫోన్లలో జనాన్ని మోసగించే ముఠా. పాస్‌పోర్టులు లాక్కున్నారు. గేటుకు తాళం. పైన చైనా బాసు.

ఇదంతా డేనియలే చెప్పాడు. ఆదివారం మూడు గంటలకు, సరిగ్గా పది నిమిషాలు ఫోన్ చేతికిస్తారట. తక్కిన రోజుల్లో అందరి ఫోన్లూ బాసు దగ్గరేనట. పోతురాజు ఎదురు తిరిగాడు కనక అతనికి ఆ పది నిమిషాలు కూడా లేవట. వాడు క్షేమమేననీ, వీరమ్మగారిని బెంగపెట్టుకోవద్దనమనీ వారం వారం డేనియలే కబురు చెప్పేవాడు. పోలీసుల దాకా వెళితే తమ ప్రాణాలకే ముప్పని హెచ్చరించిందీ అతనే.

మూడు నెలల కిందట దారి కూడా అతనే చూపాడు. తమ ఇద్దరి బదులు మరో ఇద్దరు వస్తే వదిలేస్తానని బాసు మాటిచ్చాడట. చర్చిలో ఉద్యోగాల్లేని కుర్రాళ్లు లేరా అన్నాడు. ఉన్నారు. ఉద్యోగం కోసం చర్చి పాస్టరు దగ్గర రోజూ ప్రార్థన చేయించుకునే దొరబాబుగారి కవలలు, పంపిస్తానంటే రేపే బయల్దేరతారు. తబిత ఊఁ అంటే చాలు.

ఆమె ఊఁ అనలేదు. ఇంకొకరి బిడ్డల్ని ఆ గేటులోకి తోసి తన తమ్ముణ్ణి బయటికి లాక్కోవడం ఆమె వల్ల కాలేదు. ఆ బాసు కూడా ఒక తల్లి కన్నవాడే కదా, అతని భాషలో అడిగితే కరగడా అనుకుంది. మర్నాడే రాజమండ్రి వెళ్లి పుస్తకం కొనుక్కొచ్చింది.

స్టాఫ్ రూములో శ్యాంబాబు మాస్టారికి నవ్వొచ్చింది. "చైనా సంబంధమేదైనా వచ్చిందా ఏంటండీ, మేడంగారూ? మనం తెలుగులో చెబితే ఫోనే చైనీస్‌లో చెప్పేస్తోంది కదండీ ఇప్పుడు."

బతిమాలే మాట సొంత నోటితోనే రావాలని ఆమె నమ్మకం.

డేనియల్ మాత్రం మండిపడ్డాడు. "నీకెందుకక్కా ఆ పిచ్చి పుస్తకాలు? ఆయనతో మాట్లాడావంటే నా చర్మం ఒలిచేస్తాడు. ఆ ఇద్దర్నీ పంపించు, చాలు."

తమ్ముడి గొంతులో భయం విని ఆమె ఆ రోజు ఇంకో గంట ఎక్కువ చదివింది.

చైనీస్ మాటల పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ ఉంది కాని, గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో ఆ పుస్తకం రాసినవాడు పట్టించుకోలేదు. ఆమె వీడియోలు వింటూ ప్రతి అక్షరం నెత్తిన పెన్సిలుతో బాణం గీసుకుంది. పద్దెనిమిదో పాఠంలో ఆమెకు కావలసింది దొరికింది. ప్రయాణంలో సామాను పోయినప్పుడు అడగవలసిన మాటలు. నా పెట్టె మీ దగ్గర ఉంది. దయచేసి ఇవ్వండి. నేను ఇంటికి తీసుకువెళ్తాను.

పెట్టె అన్నచోట తమ్ముడు అని పెట్టుకుంది.

పొలం పని నుంచి వస్తూ వస్తూ వీరమ్మ రోజూ ఆమె గుమ్మంలో కూలబడేది. ఆ అర్థంకాని మాటల్ని చేతులు కట్టుకుని వినేది. మావాడి పేరు కూడా అందులో పెట్టండి టీచరుగారూ అని అడిగితే తబిత పెట్టింది. వినగా వినగా వీరమ్మకు కూడా ఆ మూడు వాక్యాలూ నోటికి వచ్చేశాయి.

మొన్న ఆదివారం డేనియల్ ఏడ్చాడు. నెలాఖరులోగా మనుషులు రాకపోతే తమని ఇంకో ముఠాకి అమ్మేస్తారట. నెలాఖరుకి ఆరు రోజులుంది.

బుధవారం తబిత సెలవు పెట్టింది. వీరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం పన్నెండింటికి తమ్ముడి నంబరుకి ఫోన్ చేసింది. ఫోన్లు బాసు దగ్గరుండే రోజది. ఎత్తితే అతనే ఎత్తాలి.

మగ గొంతు. చైనీస్.

ఆమె లేచి నిలబడి, డేనియల్ అక్కనని చెప్పి, ఇద్దరి పేర్లూ పెట్టి అడిగింది. ఎక్కడా తడబడలేదు. తరువాత ఆ మనిషి మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. అప్పుడతను చిన్నపిల్లకి చెప్పినట్టు మెత్తగా, ఒక్కొక్క మాటే విడదీసి జవాబిచ్చాడు. అన్నీ ఆమెకు వచ్చిన మాటలే. అయినా నమ్మకం చాలక ఇంకోసారి అడిగింది. అతను విసుక్కోకుండా ఇంకోసారీ అదే చెప్పాడు.

ఫోన్ పెట్టేసి ఆమె మంచం అంచున కూర్చుంది.

వీరమ్మ ఆమె చెంగు పట్టుకుంది. "ఏమన్నాడండీ బాసుగారు? ఒప్పుకున్నాడాండీ?"

అనువాదంలో ఒక్క మాట వదిలినా మార్కులు కోసే మనిషి తబిత.

"ఫోనెత్తింది వంటవాడండి వీరమ్మగారూ, బాసు భోంచేస్తున్నాడంట, బాసంటే మా డేనియలేనంటండి."