ఫ్లెక్సీ మీద పేరు

ముఖానికి నీలం రంగు పూసుకుంటున్న హుస్సేనప్పకు నాటకం కమిటీ పెద్ద ఫోనులో ఫ్లెక్సీ చూపించాడు. బొమ్మ హుస్సేనప్పదే. కింద మాత్రం ‘హరిప్రసాద్’ అని ఉంది.

“దేవుని వేషానికి నీ పేరు బాగలేదని పైనోళ్లు అంటాండారప్పా. ఈ ఒక్క దినం సర్దుకో.”

“ఇరవై ఏండ్లుగా ఈ వేషం నాదే గదన్నా! పీర్లసామికి మొక్కుకోని మాయమ్మ పెట్టిన పేరది. మన రైతుల ఇండ్లల్లో ఇంటికొక హుస్సేనప్ప ఉంటాడు.”

“మా జేజినాయన పేరూ అదేలేప్పా,” అని ఆయన తల వంచుకున్నాడు. “కాదంటే నాటకమే వద్దంటారు.”

బయట జనం నిండిపోయారు. హార్మోనియం శ్రుతి పట్టింది. హుస్సేనప్ప కిరీటం పెట్టుకున్నాడు.

ఏటా వచ్చినట్టే దిష్టిచుక్క పెట్టడానికి తల్లి సుంకులమ్మ తెర వెనక్కి వచ్చింది. కాటుక వేలు కొడుకు చెంప దగ్గరికి చేరేసరికి మైకు మోగింది. “ఇప్పుడు మీ ముందుకు హరిప్రసాద్ గారు!”

“ఎవర్రా ఆయప్ప?”

“నేనేమా. పేరు మార్చినారు.”

ఆమె వేలు గాలిలోనే ఆగిపోయింది.

“నీకంటే ముందు ఇద్దరు మొగపిల్లోళ్లు పుట్టిరి నాయనా. ఇద్దరికీ ఇట్లాంటి దేవుని పేర్లే పెడితిమి. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ పాయిరి. ఈ పేరు పెట్టినాకనే నువ్వు దక్కినావు.”

తెర లేస్తోంది. మైకులో ఆ పేరు రెండోసారి పిలిచారు.

సుంకులమ్మ కొడుకు పట్టు ఉత్తరీయాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“పలకొద్దురా,” అంది.