తడిబట్టల ప్రమాణం

"ప్రెసిడెంటు లంచం పుచ్చుకున్నాడు మామా. కాణిపాకం దేవుడి ముందర నిలబెడితే తెలిసిపోతాది," అన్నాడు కింది వీధి ఏకాంబరం బండి దిగుతూ, అది ఎన్నోసారో.

మునిరామయ్యకు ఆ ధీమా చూస్తేనే అనుమానంగా ఉంది. యుద్ధం ముగిశాక జిల్లా బోర్డు వాళ్లు ఊరికి మంజూరు చేసిన మంచినీళ్ల బావి మొదట కింది వీధికే అన్నారు. తీరా చూస్తే పంచాయతీ ప్రెసిడెంటు దామోదరం దాన్ని మీది వీధికి, ఆసామి గంగాధరం ఇంటి దాపుకు మార్చేశాడు. కింది వీధి ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమ తోడి మైలు దూరం మోసుకొస్తున్నారు. నిండు చూలాలైన మునిరామయ్య కోడలు మొన్ననే కడవతో సహా కూలబడింది. దామోదరం లంచం తినలేదని ప్రమాణం చేస్తే గొడవ అంతటితో సరి, చేయలేకపోతే బావి కింది వీధికి. ఇదీ రెండు వీధుల ఒప్పందం.

"నీకెట్ల తెలుసబ్బా? కండ్లతో సూసినావా?"

"సూసినట్టే అనుకో."

దామోదరం గుడి కోనేట్లో మునిగి తడిబట్టలతో వచ్చి కర్పూరం ముందు చెయ్యి చాపాడు. "ఈ బావి విషయంలో ఎవురి దగ్గరా దమ్మిడీ పుచ్చుకోలేదు." గొంతు వణకలేదు.

ఏకాంబరమూ మునిగి వచ్చాడు. "పుచ్చుకున్నాడు. ఇది సత్యం." అతని గొంతూ వణకలేదు.

ఎవరి మాట నమ్మాలో పెద్దలకు తేలలేదు.

"అయితే ఇచ్చినోడెవుడో చెప్పప్పా. వాణ్ణీ ముంచి నిలబెడదాం," అన్నాడు గంగాధరం మీసం దువ్వుతూ.

ఏకాంబరం తడిపంచె పిండుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. బావి మీది వీధికే ఖాయమైపోయింది.

తిరుగుదారిలో మునిరామయ్య లెక్కలేసుకున్నాడు. ఏకాంబరం కౌలుకు చేసేది గంగాధరం చేనే. వీడు జడిసైనా ఉండాలి, వీడి చేతిలోనూ ఏదో పడైనా ఉండాలి.

"గంగాధరం పేరు చెప్తే కౌలు పోతాదని జడిసినావు గదరా? నా కోడలు మల్లా ఆ ఎండలో మోయాల్నా?"

"జడిసినాను మామా. కౌలు కోసరం కాదు."

"మరి ఇచ్చినోడి పేరు ఎందుకు చెప్పలేదురా?"

ఏకాంబరం పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

"మన వీధికే రావాలని ఇచ్చింది నేనే మామా."