పెద్దల చెయ్యి పడని వంతెన

"జిగురు నువ్వు పట్టుకో. పుల్లలు ఇలా ఇవ్వు" అన్నాడు నాన్న.

"పిల్లలే చెయ్యాలట నాన్నా. పెద్దల చెయ్యి పడిందని తేలితే పోటీలోంచి తీసేస్తారట."

"నేనేమన్నా చేస్తున్నానా? చూపిస్తున్నానంతే!"

ఆదివారం పొద్దున కాఫీతో మొదలైన ఆ చూపించడం మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా పూర్తి కాలేదు.

అమ్మాయిది తొమ్మిదో తరగతి. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. బడిలో 'చేసి నేర్చుకో' వారోత్సవాలు జరుగుతున్నాయి. సైన్సుని నోటితో నమిలింది చాలు, ఇక చేత్తో పట్టుకోండని సైన్సు టీచరమ్మ ప్రకటించింది. నది మీద కొత్త వంతెన తెరిచి వారం కాలేదు, ఊరంతా దాని గోలే. అందుకని పోటీకి అంశం కూడా వంతెనే. ఐస్‌క్రీం పుల్లలతో కట్టాలి, అయిదు కిలోలు మోయాలి. గెలిచినవాళ్లకి సెలవులన్నాళ్లూ ప్రయోగశాల తాళంచెవి ఇస్తారు.

ఆ గదిని తలుపు సందులోంచి తప్ప చూసిన పిల్లలు లేరు. అందులో ఇంతవరకూ జరిగిన ప్రయోగం ఒక్కటే: తాళానికి తుప్పు పట్టడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది.

పిడుగుకి బహుమతి కప్పూ అక్కర్లేదు, సర్టిఫికెట్టు కాయితమూ అక్కర్లేదు. ఆ తాళంచెవి కావాలి.

అందుకే శనివారమే సగం కట్టేసింది. పుల్లల్ని మూడేసి చొప్పున త్రిభుజాలుగా అతికించింది. మీద పుస్తకాలు పేర్చి చూసింది. కదిలితే ఒట్టు!

నాన్న వాటిని చూసి నవ్వాడు. "ఈ ముక్కోణాల గోలేమిటే? వంతెనా, జామెట్రీ హోంవర్కా?" అంటూ ఒక్కొక్కటీ పీకేశాడు. "చూడ్డానికి సన్నగా, నాజూకుగా ఉండాలి."

"మోయాలి కదా నాన్నా?"

"నాకు చెప్పొచ్చావా!"

వంటింట్లోంచి అమ్మ తల బయటపెట్టింది. "దాని పని దాన్ని చేసుకోనివ్వండి. మీ చేతికి సంతకం పెట్టడం తప్ప ఇంకో పని ఎప్పుడు తగిలింది గనక?"

"సంతకమంటే తేలికనుకున్నావా? దాని వెనక ఎంత బాధ్యత ఉంటుందో తెలుసా నీకు?"

ఆ బాధ్యతలోనే ఒక పుల్ల పుటుక్కుమంది. వంతెనకి రెండు కాళ్లు పొడుగయ్యాయి. నాన్న వాటిని కోశాడు. అవి పొట్టివయ్యాయి. అటువైపువి కోశాడు. ఇప్పుడవి పొట్టివయ్యాయి. జిగురు బల్లకి అంటుకుంది, చొక్కాకి అంటుకుంది. పుల్లకీ పుల్లకీ మధ్య మాత్రం పొత్తు కుదర్లేదు.

మొత్తం వంతెనలో పిడుగు వంతు ఏమిటయ్యా అంటే, సీసా పట్టుకుని నాన్నకి వంత పాడడం. పీకేసిన త్రిభుజాలు మాత్రం పారెయ్యబుద్ధి కాక సంచిలో వేసుకుంది.

సోమవారం నాన్న సెలవు పెట్టి మరీ పిడుగునీ వంతెననీ కారులో బడికి తీసుకొచ్చాడు.

పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన చేతిలో భూతద్దం. మొదటి బల్ల మీది వంతెనని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఈ కోత పిల్లల కోత కాదు. పెద్దల చెయ్యి పడింది. తీసెయ్యండి."

రెండోది తళతళలాడుతోంది. "దీనికి వార్నిషు కూడానా! ఏ వడ్రంగి మనవడివి బాబూ నువ్వు?"

అదీ పోయింది. అలా వరసగా పదకొండు.

పిడుగు గుండెలో పిడుగులు పడుతున్నాయి. సంచిలోని త్రిభుజాలు నడుముకి గుచ్చుకుంటున్నాయి. పెద్దాయన రానే వచ్చాడు. కిలో రాయి పెట్టాడు. వంతెన మూలిగింది. రెండో రాయి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, వంతెన కుప్పకూలింది.

పిడుగు కళ్లు మూసుకుంది. తాళంచెవి నదిలో పడ్డట్టే.

"అద్భుతం!" అన్నాడు పెద్దాయన.

కళ్లు తెరిచింది.

"చూశారా టీచరమ్మా! నాలుగు కాళ్లు, నాలుగు ఎత్తులు. ఏటవాలు పట్టీ ఒక్కటంటే ఒక్కటి లేదు. బరువు ఎటు దిగుతుందో కట్టినవాళ్లకి పాపం ఊహ కూడా లేదు. ఇంత స్వచ్ఛమైన తప్పులు పసిచేతులే చెయ్యగలవు. మోయకపోతే మోయకపోనీ, మొదటి బహుమతి ఈ పాపకే!"

"సార్... ఇది మా నాన్న..."

"పిచ్చితల్లీ! మీ నాన్నగారు చెయ్యి పెట్టి ఉంటే ఇలా కూలేదా?"

హాలంతా చప్పట్లు. వెనక వరసలో నాన్న ఒక్కడే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జేబుల్లో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పిడుగు గుప్పిట్లో తాళంచెవి ఉంది. నాన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఎలాగైతేనేం, గెలిపించానా లేదా?"

పిడుగు తాళంచెవిని సంచిలో త్రిభుజాల పక్కన దాచుకుంది. నది మలుపు రాగానే అంది, "నాన్నా, పాత వంతెన మీంచి పోదాం."

"అరగంట చుట్టే! పొద్దున కొత్త దాని మీంచేగా వచ్చాం?"

"పొద్దున నాకు తెలీదు నాన్నా."

కొత్త వంతెన మొదట్లో ఎండకి మెరుస్తున్న నల్లరాతి పలక మీద, 'రూపకల్పన: చీఫ్ ఇంజనీరు' అన్న అక్షరాల కింద చెక్కి ఉన్న పేరు నాన్నదే.