ఎడమ మోకాలి మీద రాత

భయపడటంలో నన్ను మించినవాళ్లు లేరు. ఆపరేషన్ కుడి మోకాలికైతే, పొరపాటున మంచిదాన్ని కోసేస్తారేమోనని తెల్లారగానే పెన్ను అడిగి, ఎడమ మోకాలి మీద "ఇది కాదు" అని రాసుకున్నాను. నా రెండో తరగతి చదువు అలా అక్కరకొచ్చింది.

నర్సమ్మ వచ్చి రెండు కాళ్లూ మందుతో తుడిచింది. "కాదు" చెరిగిపోయి "ఇది" మాత్రం మిగిలింది.

డాక్టరు గారు వంగి చదివారు. "కుడిది కదా బామ్మా?"

"కుడిదే బాబూ! కాదు అని కూడా రాశాను, మీ నర్సమ్మ తుడిచేసింది. ఆ ఎడమదాని జోలికెళ్లొద్దు. ఇన్నేళ్లూ నా బరువంతా మోసింది అదే!"

ఆయన నవ్వుతూ రెండు మోకాళ్ల ఎక్స్‌రే ఎత్తి చూపించారు. "మోసీ మోసీ అదీ అరిగిపోయింది బామ్మా."

జేబులోంచి పెన్ను తీసి, నా "ఇది" పక్కన గుండ్రంగా రాశారు: "ఆర్నెల్ల తర్వాత."